తల ఊపితేనే బండి కదిలేది

నాకు రాయడం రాదనుకుని ఇన్నాళ్ళూ ఇది రాయలేదు. మనవరాలు బడికి పోయే వయసు వచ్చాకే నేనూ పలక పట్టాను. మొయినాబాద్ పక్కనున్న మా ఊరు హిమాయత్‌నగర్‌లో మహిళా సంఘం వాళ్ళు సాయంత్రం పూట చదువు చెప్తామంటే మొదట నవ్వులాటకు వెళ్ళాను, తర్వాత వదల్లేకపోయాను. అక్షరాలు వచ్చాక కూడా దుకాణాల బోర్డులు, బస్సు ముందరి ఊరి పేర్లు చదువుకుని సంతోషపడేదాన్ని. ఒక మనిషి గురించి రాయడమనేది చదువుకున్నవాళ్ళ పని అనుకునేదాన్ని. నిన్న పొద్దున మొయినాబాద్ చౌరస్తాలో కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చల్లుతుంటే, పక్కనే ఒక పాత డీజిల్ ఆటో వచ్చి దడదడమంటూ ఆగింది. తడి గోనెపట్టా, కొత్తిమీర, డీజిల్ పొగ, మూడు వాసనలూ ఒక్కసారే ముక్కుకు తగిలాయి. తల ఎత్తకుండానే "జంగన్నా" అన్నాను. ఆటోలో ఉన్నది ఎవరో కొత్త మనిషి. జంగయ్యన్న కళ్ళు మసకబారి బండి నడపడం మానేశాడు, చేవెళ్ళలో కూతురి ఇంట్లో ఉంటున్నాడు. తెలిసి కూడా నోరు పిలిచింది. ఇంటికి వచ్చి ఇది మొదలుపెట్టాను.

జంగయ్యన్న మా ఊరి నుంచి మొయినాబాద్‌కు షేర్ ఆటో నడిపేవాడు. బక్కపలచని మనిషి, మెడలో ఎప్పుడూ తువ్వాల. నేను తోటల దగ్గర ఆకుకూర కొని, కట్టలు కట్టి, చౌరస్తాలో బస్సులు ఆగే చోట అమ్ముకుంటాను. మా మూటలు మనుషుల జాగా తింటాయని మిగతా ఆటోలవాళ్ళు విసుక్కునేవారు. ఆయన మాత్రం మూటల్ని పైన కట్టి, "కూరలు పైన, మనుషులు లోపట. నడువుండ్రి" అనేవాడు. ఆ ఆటోలో ఎవరైనా ఏమైనా మాట్లాడుకోవచ్చు. ఓట్ల ముచ్చట వచ్చిందంటే మాత్రం ఒక కట్టుబాటు ఉండేది. అది నాకు తెలిసింది మా ఊరిని మున్సిపాలిటీలో కలుపుతారన్న మాట పుట్టిన రోజుల్లో.

ఆ రోజు నేను గట్టిగానే అరిచాను. "ఉపాధి పని పోతది, ఇంటి పన్ను పెరుగుతది. గండిపేట దిక్కు మేడలోళ్ళకు రోడ్లు ఏసుటానికి మన నెత్తి మీద పన్నా?" ఎదురుగా అండాలు కూర్చుంది. నాతోపాటే చౌరస్తాలో పాలకూర అమ్ముతుంది, నోట్లో మాట ఆగదు. "పంచాయితీల ఉండి ఏం బాగుపడ్డవే? మోరీ నీ ఇంటి ముందలనే గద పారేది? ఆ కంపు నీకు అలవాటైనట్టున్నది" అంది. మాటకు మాట పెరిగింది. జంగయ్యన్న ఆటోను పక్కకు తీసి ఇంజను ఆపేశాడు.

"ఏమైంది జంగన్నా, డీజిల్ అయిపోయిందా?" అన్నాను.

"డీజిల్ ఉన్నది. మీ చెవులే పని చేస్తలేవు. బాలమణీ, అండాలు ఏమంటున్నదో నువ్వు చెప్పు. ఆమె తలకాయ ఊపితే బండి కదుల్తది. ఆ తర్వాత నీ ముచ్చట చెప్పుకో."

"ఆమె ఏమంటది? మున్సిపాలిటీ మంచిదంటది."

అండాలు తల అడ్డంగా ఆడించింది. "నేనట్ల అన్ననా?"

వెనక సీటులో కాలేజీలో ఊడ్చే మనిషి ఒకామె కూర్చుంది. "జల్ది చెప్పరాదె అక్కా, నా డ్యూటీ టైమైతున్నది. నీ పన్ను సంగతి గని, నా జీతం కోస్తరు" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎంత వెతికినా అండాలు మాట ఒక్కటీ నా దగ్గర లేదు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నేను తర్వాత ఏమనాలో కూడబెట్టుకుంటున్నానే తప్ప వినలేదు. సిగ్గుపడి, "మళ్ళొక్కసారి చెప్పవే" అన్నాను. ఆమె ఈసారి మెల్లగా చెప్పింది. మోరీలో జారి పడి వాళ్ళ అత్త కాలు విరిగింది. పంచాయతీని అడిగితే పైసలు లేవంటారు. చుట్టూ చూస్తే ఫాంహౌజులే. వాటి దగ్గర పన్ను సరిగ్గా వసూలు చేసే ఆఫీసు ఉంటే మోరీ కట్టడానికి పైసలు ఎందుకు రావు? అదీ ఆమె అడిగేది. నేను ఆ మాటల్నే తిరిగి చెప్పాను. అండాలు తల ఊపింది. ఆటో కదిలింది.

మొయినాబాద్ చేరేసరికి నేను నా మాట మార్చుకోలేదు, ఆమె తన మాట మార్చుకోలేదు. ఇద్దరం ఎప్పటిలాగే పక్కపక్కన పట్టాలు పరుచుకున్నాం.

ఈ పద్ధతి ఎక్కడిదని ఒకసారి అడిగాను. "మా అన్న ఇల్లు మా ఇంటికి ఎదురుంగనే. ఒక సర్పంచ్ ఓట్లప్పుడు ఇద్దరికీ మాట పోయింది" అన్నాడు రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "ఏమని కొట్లాడిన్రు?" అంటే నవ్వాడు. "అదే గద చెల్లె, అది ఇద్దరికీ యాదిలేదు. మాటలైతే బంద్."

ఎన్నికలు దగ్గర పడితే ఆటోలో కరపత్రాలు చేరేవి. జంగయ్యన్న బస్సు దిగేవాళ్ళ కోసం ఆగిన చోట అవి మాకు చదివి వినిపించేవాడు. ఈ పార్టీది, ఆ పార్టీది, అన్నీ ఒక్క గొంతుతోనే. ఎవరిది చదివినా వాళ్ళ మనిషే అనిపించేవాడు. "నీ ఓటు ఎవరికే అన్నా?" అని ఎన్నిసార్లు గుచ్చినా చెప్పలేదు. "నా ఓటు తెలిస్తే నేను చదివింది మీకు చెవికెక్కది" అనేవాడు. ఆయన వేలు కరపత్రం మీద కదులుతుంటే, ఏ గీత దగ్గర ఏ మాట ఉందో అని నేను వంగి చూసేదాన్ని. పలక పట్టాలన్న ఆశ అక్కడే పుట్టిందేమో.

తర్వాత ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. మొదటి రోజు మూటలతో రోడ్డు మీద నిలబడి ఎటూ తేల్చుకోలేకపోయాను. ఆటో అక్కడే ఉంది, బస్సూ వచ్చింది. జంగయ్యన్న దిగి వచ్చి నా మూట తన చేత్తోనే బస్సులోకి ఎత్తాడు. "ఎక్కు. ఆ కిరాయి పైసలు నీ ఇంట్ల పనికొస్తయి" అన్నాడు. మా ఊరి ఆటో అడ్డా మీద ఉన్న రవి అనే ఆటోవాడు వెక్కిరించాడు. "జంగన్నా, బస్సోళ్ళు నీకు జీతమిస్తున్నరా? ఇంక మన బండ్లల్ల కోళ్ళను పెంచుకుందం!"

"ఆడోళ్ళు పైసల్లేక ఇంట్ల కూసునుడు మంచిదా, బయటికి పోవుడు మంచిదా? ముందు అది చెప్పు" అన్నాడు ఆయన. తన ఆటో వైపు చూస్తూ మళ్ళీ తనే అన్నాడు. "నా బండి ఖాళీ. అది గూడ అబద్ధం కాదు."

బస్సు కిటికీలోంచి నేను ఆ మాట విన్నాను. విని, రోజూ బస్సే ఎక్కాను.

మా ఊరు మున్సిపాలిటీలో కలిసి, దానికి ఓట్లు వచ్చేనాటికి ఆటోలవాళ్ళ కష్టం మా మీదికి తిరిగింది. మొయినాబాద్ చౌరస్తాలో బస్సులు ఆగే చోట ఉన్న కాస్త జాగా తమకు అడ్డాగా ఇవ్వాలని వాళ్ళు పట్టుబట్టారు. అది మేం కూరలు పెట్టుకునే జాగా. పోటీలో ఉన్న హార్డ్‌వేర్ దుకాణం ఆయన ఆటో స్టాండ్ కట్టిస్తానన్నాడు. పటేలింటి కోడలు, ఫాంహౌజుల పన్నుతో అక్కడే ఆడవాళ్ళకు షెడ్డు వేయిస్తానంది. ఇద్దరినీ కూర్చోబెట్టి అడుగుదామని ఓటర్లు ఒక సాయంత్రం సభ పెట్టారు. మా తరఫున మాట్లాడమని అండాలు నన్ను ముందుకు నెట్టింది. "ఆటోల నా మీద ఒర్లి ఒర్లి నీకు అలవాటున్నది, పో." ఆ జాగా పోతే వెనక సందులోకి వెళ్ళాలి. అక్కడ కొనేవాడు ఉండడు. నా ఇల్లు ఆ పట్టా మీదే నడుస్తుంది. ఆటోల తరఫున లేచింది జంగయ్యన్న.

మొదట మా సంగతి చెప్పాడు. "ఆకుకూర పొద్దుగాల్నే అమ్ముడువోవాలె. ఎండెక్కితే అది గడ్డి. బస్సు దిగినోడు కండ్ల ముందల ఉంటే కొంటడు, సందులకు ఎతుక్కుంట పోడు. ఈళ్ళను ఈడికెల్లి లేపితే ఈళ్ళ పొయ్యి ఆరిపోతది." అని నా వైపు తిరిగి ఆగాడు. సభంతా నన్నే చూసింది. నేను తల ఊపాను. "ఓ అన్నా, నువ్వు ఎవరి దిక్కు?" అని రవి వెనక నుంచి అరిచాడు. "మన దిక్కే. జర ఆగు" అన్నాడు. అప్పుడు తన మాట చెప్పాడు. బస్సు నిండుగా పోతుంది, మిగిలిన ఇద్దరు ముగ్గురి కోసం బండి ఆపుకునే చోటు లేదు, ఎక్కడ ఆపినా పోలీసాయన చలానా రాస్తాడు, బండి కిస్తీల కోసం ఫైనాన్స్‌వాళ్ళు ఇంటి ముందు కూర్చుంటున్నారు. ఎవరినీ తిట్టలేదు.

నా వంతు వచ్చింది. రోజంతా సిద్ధం చేసుకున్న మాటలు ఉన్నాయి. ముందు చెప్పాల్సింది అవి కావు అని నాకు తెలుసు. "బస్సు పొద్దుగాల వస్తది" అన్నాను. "పొద్దూకినంక రాదు. నా బిడ్డకు నొప్పులొచ్చినప్పుడు వానల దవాఖానకు తీస్కపోయింది ఆటోనే. పొద్దుగాల మేం బస్సెక్కి పోతం, ఎనకకు తిరిగి చూడం. రేపు ఈళ్ళు బండ్లు అమ్ముకుంటే, పొద్దూకినంక నేను ఎవరిని పిలవాలె?" ఆగి చూశాను. జంగయ్యన్నను కాదు, రవిని. రవి తల వంచుకుని ఉన్నాడు. కాసేపటికి మెల్లగా ఊపాడు. అప్పుడు మా జాగా గురించి నాకు తోచినంత చెప్పాను.

ఓట్లకు నిలబడ్డ ఇద్దరూ లేచి రెండూ చేస్తామన్నారు. "ఉన్నదే ఇంత జాగ, రెండు ఎట్ల చేస్తరు సారూ, మీదికెల్లి కడ్తరా?" అని ఎవరో అంటే సభ నవ్వుతూ చెదిరిపోయింది. ఏదీ తేలలేదు.

పటేలింటి కోడలు గెలిచింది. షెడ్డు ఇంకా రాలేదు. జంగయ్యన్న ఓటు ఎవరికో ఇప్పటికీ నాకు తెలియదు. ఇప్పుడు నాకు చదువు వచ్చు, కరపత్రాలు చేతికి వస్తే నేనే చదువుతాను, మా ఆడవాళ్ళకు వినిపిస్తాను. నచ్చని పార్టీది చదివేటప్పుడు గొంతు పక్కకు పోతుంది. గమనించి సరిచేసుకుంటాను. ఇంట్లో కోడలితో మాట పెరిగినప్పుడు కూడా, ఆమె ఏమందో నేను చెప్పగలనా అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు చెప్పలేను. అప్పుడు మళ్ళీ చెప్పమంటాను.

ఆ సభ మర్నాడు పొద్దున నేను బస్సు దిగి మా జాగాకు వెళ్ళాను. గోనెపట్టా ఎప్పుడూ రోడ్డు అంచున పరిచేదాన్ని. ఆ రోజు గోడకు ఆనించి పరిచాను. "ఏందే, పిచ్చి లేసిందా? ఒక్కసారి ఇడిస్తే జాగ మళ్ళ దొరకది" అంది అండాలు. నేను కట్టలు గోడ వెంబడి పేర్చుకున్నాను. ఆమె గొణుక్కుంటూ తన పట్టా కూడా వెనక్కి లాగింది. మిగతావాళ్ళూ జరిగారు. మా ముందు ఒక ఆటో పట్టేంత జాగా వరుసగా ఖాళీ అయింది. కాసేపటికి దడదడమంటూ జంగయ్యన్న ఆటో వచ్చింది. ఆయన ఆ ఖాళీని చూశాడు, నన్ను చూశాడు. బండిని మెల్లగా లోపలికి తీసి, తల బయటపెట్టి, "బాలమణీ, జర ఇంకింత జరుగు చెల్లె. చక్రం కొత్తిమీర మీదికెక్కుతది" అన్నాడు.

నేను పట్టాను ఇంకో మూరెడు వెనక్కి లాగి, కట్టల మీద నీళ్ళు చల్లాను.