అల్లుడి పేరు తప్పు లేకుండా చదివాను

మొన్న ఆదివారం నా అల్లుణ్ణి, మా అమ్మాయి కళ్ల ముందే, యుద్ధంలో పోయినవాళ్లలో కలిపేశాను. నోటితోనే లెండి. మనిషి బాగానే ఉన్నాడు, ఇందాకే ట్రైన్ ఎక్కి ఆఫీసుకి వెళ్లాడు. ఈ కథ మీకు ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు, లేనిపోనివి కలిపి చెప్తారు. అందుకని టీ చల్లారేలోగా నేనే చెప్పేస్తాను.

మా అల్లుడు సురేష్ ఇక్కడ సింగపూర్‌లో ఉన్న తెలుగువాళ్లతో ఒక ఫుట్‌బాల్ టీమ్ నడుపుతున్నాడు. అందరూ కంప్యూటర్ ఉద్యోగాలవాళ్లే. పది నిమిషాలు పరిగెత్తితే ఇరవై నిమిషాలు కూర్చోవాలి. మొన్నటి మ్యాచ్ ఇంగ్లీషువాళ్ల క్లబ్‌తో. నవంబర్ వచ్చిందంటే వాళ్లకొక పద్ధతి ఉందట. ఆటకి ముందు రెండు జట్లూ వరసగా నిలబడి, యుద్ధాల్లో పోయిన సైనికుల పేర్లు చదివి, రెండు నిమిషాలు మౌనంగా ఉంటారు. చొక్కాలకి ఎర్ర కాగితం పువ్వులు కూడా పెట్టుకుంటారు.

"పోయినవాళ్లకి సమాధుల దగ్గర చేసుకోవాలి గానీ, బంతి ఆట దగ్గర ఏమిటిది?" అన్నాను.

"వాళ్ల అలవాటు మామయ్యా. ఈసారి మనతో ఆడుతున్నారని, రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ పోయిన మన తెలుగు సైనికుల పేర్లు కూడా వెతికి రాశారు."

"ఎవరు చదువుతారు?"

"వాళ్ల కెప్టెన్ డేవిడ్."

అక్కడ నాకు పంతం వచ్చింది. ఆయన నోట్లో పడితే మన అప్పలస్వాములూ సన్యాసులూ ఏమైపోతారు? నేనే చదువుతానన్నాను.

మీకు తెలుసుగా, నేను బడికి వెళ్లినవాణ్ణి కాదు. ముప్పై దాటాక, షిప్‌యార్డులో వెల్డింగ్ పని ముగించుకుని వచ్చి, రాత్రి క్లాసులో కూర్చుని ఏబీసీడీలు నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో నలుగురి ముందు నిలబడి ఒక్క కాగితం చదివింది లేదు. పోయేలోగా ఒక్కసారైనా చదవాలని ఉంది. అల్లుడేమో "సుజాత చదువుతుందిలెండి" అన్నాడు. సుజాత మా అమ్మాయి. నేను రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు అల్లుడు ఒప్పుకున్నాడు. ముందు ఒకసారి ప్రాక్టీస్ చెయ్యమన్నాడు. చెయ్యలేదు.

గ్రౌండ్ పక్కన ఒక బల్ల. బల్ల మీద రెండు కాగితాలు, ఎగిరిపోకుండా ఒక రాయి. నేను పైది తీసుకున్నాను.

"నాన్నా, ఒకసారి చూపించు. సరైనదేనా?" అంది సుజాత.

"నాకు చదువొచ్చు" అని మైక్ దగ్గరికి నడిచాను.

ముదిరాక అక్షరాలు నేర్చుకున్నవాడికి ఒక ఇబ్బంది ఉంది. ఒక్కొక్క అక్షరాన్నీ పట్టుకుని పలకడంలోనే బుర్రంతా అయిపోతుంది. ఆ పేరు ఎవరిదో ఆలోచించడానికి ఏమీ మిగలదు.

"పి. కిరణ్ కుమార్" అని చదివాను. మా గోల్‌కీపర్ తలెత్తాడు. ఎవరో తెలుగు బిడ్డ పేరు విని కదిలిపోయాడనుకున్నాను. "ఎం. రాజశేఖర్." ఇంకొకడు పక్కవాడి మొహం చూశాడు. పేర్ల ముందు అంకెలున్నాయి, సైనికుల నంబర్లేమోనని వదిలేశాను. తెలుగు పేర్లు ఉంటాయని ముందే చెప్పారు కదా, నాకు అనుమానం ఎందుకొస్తుంది? మౌనంగా నిలబడాల్సిన చోట మనవాళ్లెవరికీ నోరు తెరిచే ధైర్యం లేదు. ఇంగ్లీషువాళ్లకి మన పేర్లు ఏది ఎవరిదో తెలియదు. తలలు వంచుకుని శ్రద్ధగా వింటున్నారు. ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

తొమ్మిదో పేరు "బి. సురేష్." పాపం, మా అల్లుడి పేరే, ఎవరి బిడ్డో, ఏ ఇంటి అల్లుడో అనుకున్నాను. పేరు సరిగ్గా వినపడలేదేమోనని, ఆగి ఇంకోసారి చదివాను.

పదకొండు పేర్లయ్యాక ఒక పొడుగాటి మాట వచ్చింది. "సబ్... స్టి... ట్యూట్స్." ఇంగ్లీషు సైనికుడి పేరు కాబోలనుకుని గట్టిగా పలికాను. అప్పుడు ఇంగ్లీషువాళ్లంతా ఒకేసారి తలెత్తారు.

డేవిడ్ వచ్చి కాగితం చూశాడు. "సర్, దిస్ ఈజ్ యువర్ టీమ్" అన్నాడు. చెవిలోనే అన్నాడు గానీ, మైక్ ముందు అన్నాడు.

సుజాత గ్రౌండ్ గీత దాటి వచ్చేసింది. "నాన్నా, మా ఆయన పేరు చదివావు. రెండుసార్లు."

"చదివాను. ఎక్కడైనా తప్పు పోయిందా?"

"మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు నాన్నా."

"బతికున్నవాణ్ణి పోయాడంటే ఆయుష్షు పెరుగుతుంది."

ఇంతలో కిరణ్ గ్రౌండ్ పక్కన పెట్టిన ఫోన్ తెచ్చాడు. "అంకుల్, మా అమ్మ విజయనగరం నుంచి వీడియో కాల్‌లో చూస్తోంది. ఆ ఆయుష్షు సంగతేదో మీరే చెప్పండి." చెప్పాను. ఆవిడ నాకు చెప్పినవి మాత్రం ఇక్కడ చెప్పను.

రిఫరీ చైనీస్ ఆయన. గడియారం చూసుకుని "అంకుల్, కెన్ స్టార్ట్ ఆర్ నాట్?" అన్నాడు.

సుజాత అసలు కాగితం చేతిలోకి తీసుకుంది. నేను చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను. ఇవ్వకపోతే నా చదువు ఆ సబ్‌స్టిట్యూట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆమె సురేష్ వైపు చూసింది.

"ఇచ్చెయ్ సుజాతా. మేమందరం పోయాం కదా, ఇంకేం భయం?" అన్నాడు.

చదివాను. అప్పలస్వామి. సన్యాసి. లచ్చన్న. ఈసారి ఏ పేరుకీ ఎవరూ తలెత్తలేదు. రెండు నిమిషాలూ మనవాళ్లు కదలకుండా నిలబడ్డారు. ఫోన్లు చూసుకోకుండా వాళ్లు అంతసేపు నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. బంతి ఆట దగ్గర ఇదెందుకని మళ్లీ అనలేదు. అన్నది తప్పని ఒప్పుకోనూ లేదు.

మ్యాచ్ నాలుగు సున్నా ఓడిపోయాం. దాన్ని నా ఖాతాలో వెయ్యొద్దని కిరణ్‌తో చెప్పాను.

గ్రౌండ్‌కి రావద్దని నన్నెవరూ అనలేదు. వచ్చే ఆదివారం నుంచి నీళ్ల బాటిళ్లు పంచడం నా పని. ఒక్కో బాటిల్ మీద ఒక్కో ఆటగాడి పేరు రాసి ఉంటుంది. అందుకని, ఏ పేరూ పైకి చదవకుండా పంచుతానని అల్లుడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు.