విమానం కూలింది శీను చేతుల్లో కాదు

అఖిల్, నవ్యా, ఈ మాట మీ తాత ఉన్నప్పుడు చెప్పలేదు. నా తమ్ముడు శీను ఉన్నప్పుడూ చెప్పలేదు. ఎన్నో ఏళ్లుగా లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం ముందు కూర్చుంటే అది కూడా నా పక్కన కూర్చునేది. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు కాబట్టి ఫోన్‌లో రికార్డు చేసి మీకు చెబుతున్నాను. దీన్ని ధైర్యం అనుకోకండి.

మొన్న అఖిల్ ఫోన్ చేసి, పుణెలో తను తయారు చేసిన రిమోట్ విమానం లేస్తూనే పడిపోయిందన్నాడు. వాడి పక్కనే ఉన్న మీ నాన్న, "మా మేనమామ చేతులొచ్చినయ్ వీనికి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. శీను పోయినా వాడి మీద మాట మాత్రం పోలేదు. మీ పిల్లల దాకా కూడా పోతుందేమో. దాన్ని ఆపగలిగేది నేనొక్కదాన్నే.

మీ తాతకు నిజామాబాద్‌లో మోటార్లు చుట్టే దుకాణం ఉండేది. బోర్ల మోటార్లు కాలిపోతే రైతులు తెచ్చేవాళ్లు. ఆ పని అన్నం కోసం. ప్రాణం మాత్రం రిమోట్ విమానాల మీదే. హైదరాబాద్ నుంచి తేలికపాటి కట్టె తెప్పించి సన్నటి పుల్లలుగా కోసి, ఇంటి వెనక గదిలో రెక్కలు కట్టేవాడు. ఆ రెక్కల మీద పల్చటి ప్లాస్టిక్ పొర పరిచి, ఇస్త్రీపెట్టెతో వేడి చేసి బిగించాలి. ఆ పని నాది. బీడీలు చుట్టిన వేళ్లు కదా. "నీ చేతిల ముడత రాదే" అనేవాడు. ఆ మాట కోసమే చేసేదాన్నేమో.

ఎగరేసేది శీను. బోధన్ దగ్గర మా పుట్టింటి ఊళ్లో ట్రాక్టరుతో చెరుకు తోలేవాడు. మోటు చేతులు. కానీ రిమోటు పట్టుకుంటే ఆ బొటనవేళ్లు చంటిపిల్లను ముట్టుకున్నంత మెత్తగా కదిలేవి. రిమోటు మీది పుల్లను తన వైపు గుంజితే విమానం ముక్కు పైకి లేస్తుంది, అవతలికి తోస్తే కిందికి దిగుతుంది. బావ చేస్తాడు, బామ్మర్ది ఎగరేస్తాడు. ఇద్దరూ కలిస్తే నేను ఇంట్లో ఉన్నానని కూడా గుర్తుండేది కాదు. దానికి నాకు కోపం రాలేదు. నా మొగుడూ నా తమ్ముడూ అంత కలిసి ఉంటే ఏ ఆడదానికి చేదు?

ఒక ఏడు వానాకాలమంతా మీ తాత ఒక పెద్ద విమానం చేశాడు. తెల్లది. పని అయిపోయాక రెండు రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తి చూశాడు. అలా ఎత్తినప్పుడు ముక్కు కొంచెం కిందికి వాలాలి. తోక వాలితే విమానం మాట వినదు. ఆయన సీసం ముక్కలు ముక్కులో పెడుతుంటే పట్టుకున్నది నేనే. సరిపోయింది. ఇక ముట్టుకోవద్దన్నాడు.

చెరుకు కొట్టుళ్ల కాలం వచ్చింది. రేపు ఎగరేస్తామనగా, ఆయన దుకాణానికి పోయాక, వెనక గదిలో సజ్జ మీది నుంచి పసుపు కొమ్ముల డబ్బా తీస్తున్నాను. చేయి జారింది. డబ్బా పోయి తోక మీద పడింది. అడ్డంగా ఉండే తోక రెక్క పుటుక్కున విరిగింది.

మీ తాత కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కాదు. మాట్లాడటం మానేస్తాడు. దానికి భయపడ్డానా? లేక ముడత రాని చేయి అన్న పేరు పోతుందనా? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను నన్ను నేను. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

పొర విప్పాను. విరిగిన చోట చీపురు పుల్లలు ఆనించి, బీడీల దారంతో గట్టిగా చుట్టాను. రెండు ట్యూబుల నుంచి కలిపే జిగురు ఉంటుంది, అది మందంగా పూశాను. ఎండాక కొత్త పొర వేసి ఇస్త్రీ చేశాను. ఎంత నున్నగా వచ్చిందంటే, నాకే సంతోషమైంది.

ఇక్కడిదాకా అయితే అది పొరపాటే. తర్వాత చేసింది పొరపాటు కాదు.

రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తాను. తోక వాలింది.

మళ్లీ ఎత్తాను. మళ్లీ వాలింది. జిగురు బరువు. సీసం ముక్కలు దుకాణంలో ఉన్నాయి. అడిగితే ఎందుకంటాడు. కొంచెమే కదా, ఏం కాదులే అని దించేశాను. తెలిసే దించేశాను. మరునాడు ఆయన మళ్లీ తూచలేదు. ముందే సరిచూశాడు కదా, నేను తప్ప ముట్టేవాళ్లెవరు ఇంట్లో?

మా పుట్టింటి ఊళ్లో చెరుకు కొట్టి, ఆకు తగలబెట్టిన చేను. కాళ్లకంతా నల్ల బూడిద. ఊళ్లో వాళ్లు చాలామంది వచ్చారు. మీ తాత చేత్తో విసిరాడు. శీను నా పక్కనే నిలబడి రిమోటు పట్టుకున్నాడు. విమానం లేచింది. లేస్తూ ముక్కు ఇంకా పైకి, ఇంకా పైకి, నిట్టనిలువుగా అయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పక్కకు ఒరిగి పడిపోయింది.

"ఏం జేసినవ్‌రా బామ్మర్ది? గంత గుంజుతరా? ట్రాక్టర్ అనుకున్నవా?" అన్నాడు మీ తాత.

"నేను గుంజలే బావా. దానంతట అదే లేసింది. కిందికి తోస్తనే ఉన్న, వింటలే."

"నేను తూచి పెట్టిన. అది వినక ఎటు వోతది? నీ చేతులే గట్లున్నయ్."

చేని గట్టు మీద ఎవరో నవ్వారు. శీను నా వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వు పక్కనే ఉన్నవ్ గద. నా బొటనేలు సూసినవ్ గద. నేను గుంజిన్నా?"

చూశాను. వాడు కిందికే తోస్తున్నాడు.

"నాకేం ఎర్కరా తమ్మీ గియన్ని" అన్నాను.

నేను బూడిదలోకి పోయి అన్నింటికన్నా ముందు తోక ముక్కలు ఏరి కొంగులో కట్టుకున్నాను. ఇంటికొచ్చి, నా అతుకు ఎవరి కంటా పడకముందే నీళ్ల పొయ్యిలో పెట్టాను. ముక్కలు ఏరుతుంటే సాయం చేస్తున్నాననుకున్నాడు మీ తాత.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఎగరేయలేదు. మీ తాత కొన్నాళ్లు ఒక్కడే ఏవో చేశాడు, మానేశాడు. ఏ పెండ్లిలో కలిసినా నలుగురిలో "మా పైలట్ వచ్చిండు" అనేవాడు. శీను నవ్వేవాడు. రాఖీ కట్టించుకోవడానికి వచ్చేవాడు, ముందు గదిలోనే కూర్చుని పోయేవాడు. రాఖీ కడుతూ ప్రతిసారీ ఇవాళ చెబుదాం అనుకునేదాన్ని. మిఠాయి వాడి నోట్లో పెట్టి పంపేసేదాన్ని.

వాడు పోయినప్పుడు మరదలు నా పక్కన కూర్చుని, మామూలుగా చెప్పింది: "ఆయనకు ఆఖరిదాంక గా ఇమానమే యాదికుండె వదినా. పండుకొని బొటనేళ్లు సూసుకునెటోడు. 'ఏమో, నేనే గుంజిన్నేమోనే' అనెటోడు."

నేను చూశానని వాడు నన్ను సాక్ష్యం అడిగాడు. నేను తెలియదన్నాను. చివరికి వాడు తన చేతుల్నే నమ్మలేదు. నేను చేసింది విమానం కూల్చడమా? అది చిన్నదే. వాడికి వాడి మీదున్న నమ్మకం తీసేశాను.

మీ నాన్నకు ఇది వినిపించండి. మరదలికి నేనే బోధన్ పోయి చెప్పాలి. ఆమె నన్ను ఇంట్లోకి రానిస్తుందో లేదో, అది ఆమె ఇష్టం. మీరు కూడా నన్ను ఏమీ అనకుండా ఉండాల్సిన పని లేదు.

తోక విరగ్గొట్టింది నేను. వాలుతుందని తెలిసి ఎగరనిచ్చింది నేను. తమ్ముడు అడిగితే తెలియదన్నది నేను. చెప్పేశాను బిడ్డా. ఊపిరి కొంచెం ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది. వాడికి ఈ పాటి ఊపిరి కూడా నేను ఇవ్వలేదు.