అప్ప చెరిపేసిన గోడ

పక్కింటివాళ్లు గోడకు సున్నం వేస్తున్నారు. ఆ పచ్చి వాసన తగిలితే ఈ వయసులోనూ నా గుండె దడదడలాడుతుంది. మా అప్ప రూతమ్మ, అంటే మా అక్క, నన్ను హడలగొట్టిన రోజు ఇంట్లో ఇదే వాసన.

అప్ప నౌపడ ఉప్పు మడుల్లో గంపలు మోసేది. చదువు రాదు. గంపల లెక్కకు గోడ మీద బొగ్గు గీతలు: నాలుగు నిలువు, అయిదోది అడ్డం. అమ్మ పోయాక నేను ఆవిడ ఇంట్లోనే పడి తినేవాణ్ణి. తాగొచ్చి అన్నం కుండ తన్నేవాణ్ణి. ఓ ఆదివారం చర్చిలో పాస్టరుగారు, తప్పు చేసిన సోదరుణ్ణి డెబ్బై సార్లు ఏడు మార్లు క్షమించమని ప్రభువు చెప్పాడన్నారు. అంటే నాలుగు వందల తొంభై అని అప్ప ఎవరిచేతో లెక్క కట్టించుకుంది. ఆనాటినుంచి నా ప్రతి తప్పుకూ పొయ్యి వెనక గోడ మీద ఒక గీత. అవి నిండిన రోజున నన్ను గెంటేస్తానని ముందే చెప్పింది.

సిగ్గు లేకుండా రాస్తున్నాను, నాకు ధీమా వచ్చింది.

"ఇంకా మూడొందలున్నాయి గదే అప్పా, ఏటలా సూస్తావు?" అని వెక్కిరించేవాణ్ణి.

"నీ గీతలంత బేగి ఉప్పు గంపలైనా నిండవురా" అనేది.

నాలుగొందలు దాటాక బెంగ ఆవిడకే పట్టుకుంది. నిండితే నిజంగా గెంటేయాలా అని పాస్టరుగారిని అడిగింది. ఆయన గ్రీకు చదివిన మనిషి. మూలంలో ఆ మాటను డెబ్బై ఏడు అని కూడా చదవవచ్చని, ఎలా చదివినా అది గంపల్లా లెక్కపెట్టే అంకె కాదని, లెక్కే మానుకోమనడమని చెప్పారట.

సాయంత్రం నేను తూలుతూ వచ్చేసరికి గోడ తెల్లగా ఉంది. లెక్క నిండిపోయింది, ఇక గెంటేస్తుందనుకున్నాను.

"గీతలేటైపోనాయే?"

"సెరిపీసినాను. ఇంక నెక్కెట్టనురా. కాళ్లు కడుక్కోని కూడు తిను."

ఉప్పు కోసిన ఆ వేళ్ల పగుళ్లలోకి సున్నం దిగి నెత్తురు చెమరుస్తోంది. ఆ చేత్తోనే వడ్డించింది. గెంటేసుంటే తిట్టుకుంటూ పోయేవాణ్ణి. ఆ రాత్రి మాత్రం కుండ తన్నలేదు, తిన్న కంచం నేనే కడిగిపెట్టాను.

మర్నాడే తాగుడు మానేశానని అబద్ధం రాయను. ఏడాది పట్టింది. ఈలోగా ఎన్నిసార్లు తప్పానో చెప్పడానికి గోడ మీద ఏమీ లేదు.

యాభై దాటాక అక్షరాలు దిద్ది, ఆ వాక్యం నేనే కూడబలుక్కుని చదివాను. అప్పటికి అప్ప లేదు. ఇప్పుడు ఎవరి మీదైనా కోపమొచ్చి వాళ్ల తప్పులు ఏకరువు పెట్టబోతే ఆ వేళ్లు కళ్లముందుకొస్తాయి. రెండో తప్పు దగ్గరే నోరు ఆగిపోతుంది.