ఎనిమిది రోజులు జేబులో మోసిన చాకు

మొన్న నగర్తపేటలో, ఒకప్పుడు మా ఇనుప సామాన్ల అంగడి ఉండిన వరుసలోనే, ఒకతను తోపుడుబండి మీద మడత చాకులు పేర్చి అమ్ముతున్నాడు. నాకు చాకు అవసరం లేదు. అయినా ధర అడగకుండా ఒక వస్తువును దాటిపోవడం నాకు ఈ వయసులోనూ చేతకాదు. కిందటేడు కంటి ఆపరేషన్‌కు ఎంతవుతుందో చెప్పిన డాక్టరుగారిని ‘రెండు కళ్లూ కలిపి ఎంతకు చేస్తారు’ అని అడిగానని మా ఇంట్లో ఇంకా చెప్పుకుని నవ్వుతుంటారు. ఒక చాకు చేతిలోకి తీసుకుని, గోరు ఆనించి, కోసే అలుగును బయటికి తెరిచాను. మంచి చాకు పూర్తిగా తెరుచుకుని నిలిచే క్షణాన పొడిగా ‘టక్’మంటుంది. ఇది ‘తప్’మంది, నానిన చెక్క మీద వేలితో కొట్టినట్టు. మూసి బండి మీద పెట్టేశాను. “ఏం తాతా, ధర కూడా అడగకనే పెట్టేస్తివి?” అన్నాడతను. ఆ చప్పుడును వినడం నాకు నేర్పినవాడు మునెప్పన్న. నేర్చుకున్నాక కూడా విననట్టు ఉండిపోయినవాణ్ణి నేను.

మునెప్పన్న లాల్‌బాగ్ వెనక ఒక మొక్కల తోటలో అంట్లు కట్టేవాడు. మామిడి, సపోటా, గులాబీ, ఏదైనా సరే, ఆయన చేతి అంటు బతకకపోవడం అరుదు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ అరటినార చుట్ట ఒకటి, మడిచిన చాకు ఒకటి. అవి యుద్ధం రోజులు. ఓడల మీద వచ్చే సీమ చాకులు ఆగిపోయాయి. ఆయన పాత చాకు సాన పట్టీ పట్టీ వేపాకంత సన్నబడింది. కొత్తదాని కోసం మా అంగడికి వచ్చిననాటికి ఆయనకు యాభై ఉంటాయి, నాకు ఇరవై మూడు. నాయన అంగడి ముందు కూర్చునే చోటు నాకు అప్పుడప్పుడే వదిలి, తాను వెనక దిండుకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. బేరంలో నన్ను మించినవాడు పేటలో లేడని నేను నమ్మేవాణ్ణి. ఆ మాట నేను తప్ప ఇంకెవరూ అన్నట్టు గుర్తులేదు.

ఆ మొదటి రోజు ఆయన మా దగ్గరున్న నాలుగు చాకులను ఒక గంట సేపు చూశాడు. నాకు విసుగొచ్చింది. “మునెప్పన్నా, చాకు కొంటుండావా, పెండ్లికి పిల్లను చూస్తుండావా?” అన్నాను. “పిల్లనైతే ఇంత సేపు చూడనిస్తారా ఏమప్పా? చాకయితే నోరు మూసుకోని కూర్చుంటాది,” అన్నాడు తల ఎత్తకుండానే. చూడడం కూడా కాదు, ముందు వినేవాడు. కళ్లు మూసుకుని, చాకును చెవి దగ్గర పెట్టుకుని తెరిచేవాడు. తర్వాత పిడి పట్టుకుని, అలుగును అటూ ఇటూ ఆడించి, మేకు దగ్గర వదులుందేమో చూసేవాడు. మడిచి వెలుతురుకు ఎదురుగా పట్టి, అలుగు నడిమధ్యన కూర్చుందా, ఒక పక్కకు ఒరిగిందా అని చూసేవాడు. చివరగా, తెరిచిన అలుగు వీపును బల్ల అంచుకు ఆనించి నొక్కేవాడు. “పదును ఎవురైనా పడ్తారు. పదును లేకుంటే కొమ్మ తెగదు, అంతే గదా. పిడి వెనక స్ప్రింగు ఉండాదే, అది వదిలేస్తే తెగేది కొమ్మ కాదు,” అన్నాడు. ఇవన్నీ అయ్యాక నాలుగింటినీ పక్కకు నెట్టాడు. ఒకవేళ నచ్చినా అక్కడికక్కడే కొనడట. ఎనిమిది రోజులు తన జేబులో మోయాలట. చెమటలో, వానలో, తాళంచెవుల మధ్య, సున్నం డబ్బీ పక్కన. “అంగట్లో ఉండేటప్పుడు మామగారి ఇంట్లో అల్లుడి మాదిరి ఉంటాది. జేబులోకి రానీ, అప్పుడు తెలుస్తాది దాని గుణం.” ఎనిమిది రోజులు నువ్వు మోస్తే అది పాత చాకవుతుంది కదా, తర్వాత నేనెవరికి అంటగట్టాలి అన్నాను. వెనక నుంచి నాయన నవ్వాడు. నా మాటకు నవ్వాడనుకున్నాను.

అయినా ఆయన వస్తూనే ఉండేవాడు. సాయంత్రం తోట పని అయ్యాక మా అరుగు మీద కూర్చుని, ఏ చాకు చేతికిచ్చినా దాని జాతకం చెప్పేవాడు. నెల తిరిగేసరికి నాకూ చెవి కుదిరింది. కళ్లు మూసుకుని తెరిచి ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని చెప్పగలిగేవాణ్ణి. ఆయన ఊరికే తల ఊపేవాడు. ఆ తల ఊపు కోసం నేను ఎదురుచూసేవాణ్ణని ఇప్పుడు రాయడానికి సిగ్గు లేదు.

ఆ ఏడు వానలకు ముందు కాటన్‌పేటలో ఒక టోకు వ్యాపారి దగ్గర స్వదేశీ చాకు ఒకటి నా కంటబడింది. కొమ్ము పిడి, వెడల్పాటి అలుగు. నమూనాగా ఒకటి తెచ్చి మునెప్పన్నకు ఇచ్చాను. ఎనిమిదో రోజు సాయంత్రం ఆయన దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. చాకును ఎన్నడూ చేతి నుంచి చేతికి అందించడు, బల్ల మీద పెడితే మనం తీసుకోవాలి. “ఇది నిలుస్తాది. ఇదే చెయ్యి చేసినవి తెప్పియ్యి. నాకొకటి తీసి పెట్టు,” అన్నాడు.

నేను కాటన్‌పేటకు పోయి ఒక పూటంతా బేరమాడాను. రెండుసార్లు లేచి వీధి మలుపుదాకా పోయి తిరిగి వచ్చాను. చివరికి ఆ వ్యాపారి చెప్పిన దాంట్లో సగానికి దిగాడు. దిగేముందు ఒక్క క్షణం నన్ను చూసి, “ఆ ధరకే కావాలంటే ఆ ధరకే ఇస్తానప్పా,” అన్నాడు. అది ఓటమి అనుకున్నాను. ఇంటికి పోతూ దారి పొడుగునా ఆ మాటను నాలో నేనే అనుకుని మురిశాను. ఆయన నాకు నిజమే చెప్పాడని, ఆ ధరకు ఏ చాకు వస్తుందో ఆ చాకే పంపుతానన్నాడని, అంగళ్ల మధ్య పుట్టి పెరిగిన నాకు తోచలేదు. నేను తగ్గించిన ప్రతి అణా ఆ చాకుల స్ప్రింగులోంచే పోయింది.

రెండు డజన్లు వచ్చాయి. పైకి అచ్చం నమూనాలాగే ఉన్నాయి. మొదటిది తెరిచాను. ‘తప్’మంది. ఇంకొకటి తెరిచాను. అదీ అంతే. వినబడింది. ఈ మాట దగ్గర తప్పించుకోవడానికి నాకు దారి లేదు. నాకు వినబడింది. కొత్త సరుకు కదా, నూనె ఎక్కువై ఉంటుంది, వాడితే సర్దుకుంటుంది అని నాకు నేనే ధర చెప్పుకుని, నాకు నేనే ఒప్పుకున్నాను. సాయంత్రం మునెప్పన్న వచ్చాడు. “ఎనిమిది దినాలు చూడనా?” అన్నాడు. “చూసిందే కదన్నా మళ్లీ ఏం చూస్తావు? ఎండిపోతున్న కొమ్మలు అక్కడ నీకోసం కాచుకోనుండాయి,” అన్నాను. తోటలో అంట్ల కాలం మొదలై వారమైంది, ఆయన చేతిలో సరైన చాకు లేదు. “సరే, నువ్వు విన్నావు గదా,” అన్నాడు. విన్నానన్నాను. ఆయన మోసిన నమూనా చాకునే ఆయనకు ఇచ్చి ఉండవచ్చు. కానీ దాని మీద అప్పటికే నేను మనసుపడ్డాను. “పాతది నీకెందుకు, కొత్తది తీసుకోపో,” అని పెట్టెలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాను. నాది పెద్ద మనసు అనుకుని ఆయన కొంచెం నవ్వాడు కూడా.

గులాబీకి వేరే మొక్క మొగ్గను, అంటే కన్నును, అతికేటప్పుడు బెరడు మీద గీత పెట్టి, చాకు మొనతో ఆ బెరడును పైకి లేపాలి. అప్పుడు బరువంతా అలుగు వీపు మీద పడుతుంది. ఐదో రోజున స్ప్రింగు వదిలేసింది. అలుగు ఆయన వేళ్ల మీదికి మడుచుకుంది. చూపుడువేలు, నడిమివేలు. ఆయన పసుపు పెట్టి గుడ్డ చుట్టి ఆ పూటంతా అలాగే పని చేశాడట. మట్టి చెయ్యి. చీము పట్టింది. ఆసుపత్రిలో రెండు వేళ్లూ తీసేశారు.

నెల తర్వాత కట్టుతో అంగడికి వచ్చాడు. ఆ చేతిని చూసి నేను అన్న మొదటి మాట, “తడిచేత్తో పట్టుకుంటివేమో అన్నా.” ఆయన ఎడమచేత్తో జేబులోంచి ఆ చాకు తీసి బల్ల మీద పెట్టాడు.

“తెరువు.”

తెరిచాను.

“ఏం వినబడె?”

మూసి, మళ్లీ తెరిచాను.

“ఆ దినం కూడా ఇట్లనే వినబడెనా?”

వెనక దిండు దగ్గర నాయన లేచి నిలబడిన అలికిడి తెలిసింది. “వినబడింది,” అన్నాను.

తిడతాడనుకున్నాను. నిజానికి తిడితే బాగుండుననుకున్నాను. తిట్టుకు తిట్టు చెల్లగొట్టి ఏదో ఒకచోట తెగ్గొట్టుకోవచ్చు. ఆయన ఆ చాకు వైపు చూపించి, “కడమవి ఎవురెవురికి అమ్మితివి?” అన్నాడు. తొమ్మిది పెట్టెలోనే ఉన్నాయి. ఆయనది పోగా, అమ్మినవి పద్నాలుగు. “పోదాం పా, తెచ్చుకుందాం. ఇంకొక చెయ్యి పోకముందర పోవాల.”

పది రోజులు తిరిగాం. కొన్నవాళ్లు ఒక్కడు తప్ప అంతా పేటవాళ్లే, ముఖాలు గుర్తున్నాయి. కానీ అమ్మిన చాకును ఇనుప సామాన్ల శెట్టి కొడుకు వెనక్కి అడుగుతున్నాడంటే ఎవరికైనా అనుమానమే. “ఏమి శెట్టీ, దీంట్లో బంగారం గింగారం పెట్టి మరిచిపోతివా?” అన్నాడొక మగ్గం ఆయన, దారం తెంపుతున్నవాడు ఆపకుండానే. ఒక అరటిపండ్లావిడ ఇచ్చిన ధరకు రెండింతలు అడిగింది. చాకు చెడ్డదని చెప్పాను. “చెడ్డదైతే నీకెందుకు?” అంది. నా పక్కన నిలబడి ఉన్న మునెప్పన్న కట్టు విప్పి చెయ్యి చూపించాడు. ఆమె ఇంకేం అడగకుండా చాకు నేల మీద పెట్టింది. ఆ పైన ప్రతి గడప దగ్గరా ఆయనే ముందు చెయ్యి చూపించేవాడు. నా మాటలు అరిగిపోయిన చోటల్లా ఆ చెయ్యి పనికొచ్చింది. అడిగిన ధర ఇచ్చుకుంటూ, నా జీవితంలో మొదటిసారి బేరమాడకుండా, పదమూడు చాకులు తెచ్చాను.

పద్నాలుగోది దొరకలేదు. భుజాన పరుపు చుట్ట వేసుకుని రైలుకు పోతున్న మనిషి ఒకడు దాన్ని కొన్నాడు. బేరమే ఆడలేదు. చెప్పిన ధర బల్ల మీద పెట్టి, చాకు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజంతా అతన్ని తలుచుకుని నవ్వుకున్నాను. అతని ముఖం గుర్తులేదు. బల్ల మీద డబ్బు పెట్టిన కుడిచెయ్యి మాత్రం గుర్తుంది. రైల్వే స్టేషన్‌కు పోయి రెండు రోజులు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. మూడో రోజు మునెప్పన్న, “చాలు పా,” అన్నాడు.

తెచ్చిన చాకులనూ, పెట్టెలో మిగిలినవాటినీ నాయన తానే సమ్మెటతో కొట్టి వంచేశాడు. నాతో నెల రోజులు మాట్లాడలేదు. నమూనా చాకును నేను మునెప్పన్న ముందు పెట్టాను. ఆయన తీసుకుని, కుడి బొటనవేలికీ, మిగిలిన రెండు వేళ్లకూ మధ్య పిడి ఇరికించి, ఎడమ బొటనవేలి గోరుతో తెరవబోయాడు. మంచి స్ప్రింగు కదా, గట్టిది. తెరుచుకోలేదు. మళ్లీ ఒకసారి చూసి బల్ల మీద పెట్టేశాడు. “నీ దగ్గరే ఉండనీ,” అన్నాడు.

తోటలో ఆయన్ని నీళ్లు పోసే పనికి మార్చారు. ఆయన కట్టాల్సిన అంట్లు ఇంకెవరో కట్టారు. సాయంత్రాలు మాత్రం మా అరుగు మీదికి వచ్చేవాడు. నేను కొత్త చాకు తెరుస్తుంటే కళ్లు మూసుకుని వినేవాడు. నేను ఎనిమిది రోజులు జేబులో మోసి తెచ్చాక, ఆయన మళ్లీ విన్నాకే అది అమ్మకానికి పోయేది. ఒకసారి ధైర్యం చేసి, “నా మీద కోపం లేదా అన్నా?” అని అడిగాను. “ఉండాది,” అన్నాడు. “ఉండనీలే. ఆ చాకు ఇట్ల పెట్టు, విందాం.” యుద్ధం ముగిసిన మరుసటేడు విషజ్వరం వచ్చి పోయాడు. పాడె మోసినవాళ్లలో నేను ఒకణ్ణి.

ఆ కొమ్ము పిడి చాకు ఇప్పటికీ నా జేబులో ఉంది. వక్కకు కూడా వాడను. రోజూ ఒకసారి తెరిచి వింటాను. ‘టక్’మని గట్టిగా నిలుస్తుంది, ఆయన చెప్పినట్టే. ఎక్కువగా మోస్తున్నది మాత్రం దాన్ని కాదు. బస్సులో పైకడ్డీ పట్టుకుని పరాయి ఊరి ముసలివాడెవడైనా నిలబడితే, నా కళ్లు ముందు అతని కుడిచేతి మీదికే పోతాయి. వేళ్లు లెక్కపెడతాను. ఐదూ ఉంటే, ఇతనే ఆ రైలు మనిషై ఉండకూడదా అనుకుంటాను.