పెద్దమ్మ నేర్చిన అక్షరాలు

పోయిన మంగళవారం ఉదయం నేను నాలుగో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతుండగా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ ఎల్లిపోనాది చెల్లీ. టీ తాగి కుట్టు మిషను ముందు కూకుంది. అలగే తల వాల్చీసింది," అన్నాడు. బాగా ఏడ్చాను. కానీ ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నవ్వే ముందొస్తోంది. ఏమీ అనుకోకండి.

పెద్దమ్మ పెళ్లయ్యాక శ్రీకాకుళం వైపు నుంచి హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్లోని క్యాంప్ 2 బస్తీకి వచ్చింది. పెదనాన్నది ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని. ఆమె ముందుగదిలో నలభై ఏళ్లు జాకెట్లు కుట్టింది. బడి మొహం చూడలేదు. కొలతలన్నీ బుర్రలోనే. సెక్టర్ల క్వార్టర్లలో ఉండే ప్లాంటు ఆఫీసర్ల భార్యలు టేపు తెచ్చుకుని మరీ పరీక్షించేవారు. "టేపు మీ తృప్తికి, నాకు కన్ను సాలు," అనేది.

నేను టీచర్ని. ఫోను పిల్లల చదువును పాడుచేస్తుందని ప్రతి మీటింగులోనూ చెప్పేదాన్ని. అలాంటి నేనే ఒక సెలవురోజు బియ్యం డబ్బాకు పెద్దమ్మ ఫోను ఆనించి, ఆమె జాకెట్టు కత్తిరిస్తుంటే వీడియో తీశాను. ఎదురుగా మనిషున్నట్టే మాట్లాడింది. "కత్తిరికి బయపడకమ్మా, గుడ్డకి తెలిసిపోతాది," అని ఫోనుకు ధైర్యం చెప్పింది. సరదాకి నెట్‌లో పెట్టాను. తర్వాత ఇంకొన్ని తీశాం. కొన్ని నెలలకే విజయనగరం, శ్రీకాకుళం ఆడవాళ్లు ఆమెను చూసి కుట్టడం నేర్చుకోసాగారు. ఆదివారాలు నేను వెళ్లి కింద వచ్చిన కామెంట్లు చదివి వినిపించేదాన్ని.

ఒకసారి పరీక్షల పనిలో పడి మూడు వారాలు వెళ్లలేకపోయాను. వెళ్లేసరికి ఒకే వీడియో కింద నలుగురు ఒకే మాట రాసి ఉన్నారు. పెద్దమ్మ చంక కొలత ఒక అంగుళం తక్కువ చెప్పేసింది. జాకెట్టు తొడుక్కుంటే చెయ్యి పైకి లేవడం లేదట. ఒకావిడ చెల్లెలి పెళ్లి పట్టుగుడ్డ కత్తిరించేసుకుంది.

పెద్దమ్మ మిషను ఆపేసింది. "నా తప్పు నాకే సెప్పినారు. మూడు వారాలు నా సేతిలోనే ఉంది. నాను సదవనేకపోనాను."

"నేను రావాల్సింది పెద్దమ్మా," అన్నాను.

"నువ్వు రాకపోతే నాను గుడ్డిదాన్నేనేటి?"

మర్నాటి నుంచే మొదలుపెట్టింది. వాచకం తెచ్చిస్తానంటే వద్దంది. ఫోనులో మైకు గుర్తు నొక్కి "జాకెట్టు" అనేది. తెర మీద అక్షరాలు పడేవి. మళ్లీ అనేది, మళ్లీ చూసేది. కత్తెర, దారం, గుండీ, పక్కింటి భాభీ పేరు, కోడలి మీద చాడీలు, అన్నీ ఫోనుకు చెప్పి అవి ఎలా ఉంటాయో చూసుకుంది. ఒకరోజు కోపంగా ఫోన్ చేసింది.

"నాను 'ఏటి' అన్నాను. ఇదేమో మద్దిన సున్నా ఎట్టీసింది."

పెద్దమ్మ ఫోను తప్పు పట్టుకుంది. అంటే పెద్దమ్మకు చదవడం వచ్చేసింది.

"దానికి మన మాట రాదు పెద్దమ్మా."

"అయితే అదీ నేర్సుకుంటాది. ఇద్దరం ఒకటే క్లాసు."

చదవడం వచ్చినా రాయడం రాలేదు. పెన్ను పట్టుకుంటే వేళ్లు బిగుసుకునేవి. నేను గీసిచ్చిన చుక్కల కాగితాలు పక్కన పడేసి, లైనింగు గుడ్డ పరిచి టైలరు సుద్ద అందుకుంది. "'ర' అంటే ఏటి, మెడ గుండ్రం తిప్పి పైన తలకట్టు ఎట్టీడమే." చూస్తుండగానే ఆమె చెయ్యి సాగింది. పాతికేళ్లుగా పిల్లలకు హిందీ అక్షరాలు దిద్దిస్తున్నాను, అంత గుండ్రని తెలుగు 'ర' నేను ఎన్నడూ రాయలేదు.

పట్టుగుడ్డ పాడైనావిడకు ఆమే ఒక్కో అక్షరం నొక్కి జవాబు రాసింది. "నా తప్పే అమ్మా. సంక కొలత అంగులం తక్కువ సెప్పీసినాను. అతుకేసి సరిసేసుకోడం సూపిస్తాను."

నా వేలు తప్పులు దిద్దబోయింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉంచు. నానే రాసినానని ఆవిడికి తెలాలి."

సాయంత్రానికి జవాబొచ్చింది. పెద్దమ్మ చూపుడువేలు అక్షరాల కింద నడిపించుకుంటూ చాలాసేపు చదివింది. నేను మాట అందివ్వబోతే రెండో చెయ్యెత్తి ఆపింది. "మీరే... రాశారా... అమ్మా. మా అమ్మ... మాట్లాడినట్టే... ఉంది." చివరిదాకా వచ్చి, మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. ఆ వారమే అతుకు వేసే వీడియో తీయించింది. పెళ్లికి ఆ జాకెట్టు తొడుక్కున్న పెళ్లికూతురి ఫోటో కూడా వచ్చింది, రెండు చేతులూ పైకెత్తి నవ్వుతూ. అప్పటి నుంచి నేను మీటింగుల్లో ఫోన్ల గురించి కాస్త ఆలోచించి మాట్లాడుతున్నాను.

పోయిన చలికాలం ఆమెను మా బడికి తీసుకెళ్లాను. క్లాసులో వేలితో రాసే పెద్ద తెర ఉంది. పెద్దమ్మ భయం లేకుండా వెళ్లి తన పేరు రాసింది. మాది హిందీ బడి, పిల్లల్లో సగం మంది తెలుగిళ్లవాళ్లే గానీ తెలుగు అక్షరం తెలియదు. ముందు బెంచీ పాప లేచి, "నానీజీ, మేరా నామ్ భీ లిఖియే," అని తన పేరు కూడా రాయమంది. "నీ పేరేటమ్మా?" అని అడిగి పెద్దమ్మ రాసింది. ఆ వెనక ఇంకో పిల్ల, ఆ వెనక ఇంకొకడు. తెలుగిళ్ల పిల్లలు అయిపోయి ఛత్తీస్‌గఢీ పిల్లలు, బెంగాలీ పిల్లలు లైను కట్టారు. బెల్లు మోగింది. ఎవరూ కదల్లేదు. తెర కింది సగం నిండిపోయింది. పెద్దమ్మ చెప్పులు విడిచి, మునివేళ్ల మీద లేచి, పైన ఖాళీ ఉన్నచోట రాస్తోంది. లైను గుమ్మం దాటి వరండా చివరిదాకా ఉంది.