కుండ వెనక తాబేలు

నరసరావుపేటలో రంగుచేపలు అమ్మే కొట్టు ముందు ఆగాను. గాజుతొట్టిలో బల్బు కింద ఒక తాబేలు పిల్ల మెడ చాచి కూర్చుంది. దాచేపల్లిలో నేను పెంచిన తాబేలు గుర్తొచ్చింది.

నేను మూడో తరగతిలో ఉండగా, ఒక చలికాలం, కాలువ గట్టున దొరికిందని నాన్న అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లను తెచ్చిచ్చాడు. చల్లగా ఉంటే దానికి హాయనుకుని నీళ్ళకుండ వెనక చీకట్లో పెట్టాను. అది తల బయటపెట్టలేదు. తోటకూర వేసినా ముట్టలేదు.

పక్కింటి రషీదా కాసేపు ఆడుకుంటానని దాన్ని వాళ్ళింటికి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, వాళ్ళ వాకిట్లో, ఎండలో, అది రషీదా కాళ్ళ వెంట నడుస్తోంది! నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా తాబేలు నాకిచ్చెయ్," అన్నాను.

"తీస్కోవే, నీదేగా. తోటకూర చానా తిన్నది తెల్సా!" అంది సంబరంగా.

తెచ్చి మళ్ళీ కుండ వెనకే పెట్టాను. తెల్లారేసరికి రాయిలా పడి ఉంది.

"దానికి రషీదా అంటేనే ఇష్టమమ్మా," అని ఏడ్చాను.

"ఏందే పొద్దున్నే ఈ ఏడుపు? బయటికి పోయి కూర్చో," అంటూ అమ్మ నన్నూ తాబేలునీ అరుగు మీద ఎండలోకి తోసింది.

కాసేపటికి తాబేలు మెల్లగా తల బయటపెట్టి అటూ ఇటూ చూసింది. దానికి కావలసింది ఎండ వెచ్చదనమేనని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ఆ పొద్దున మాత్రం అది రషీదా కోసమే వెతుకుతోందనుకున్నాను. కుళ్ళుకుంటూనే రషీదా వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి పిలిచాను:

"ఒకసారి రావే, నీ కోసమే చూస్తంది."