శనివారం తెరుచుకోని ఆట

ఖాళీ అయిపోయిన ఆఫీసుకు కాపలా కాసే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆయనతోనే కాపురం చేశాను.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన కొద్ది రోజులకే మిర్కాబ్‌లోని మా ట్రేడింగ్ కంపెనీ ఆఫీసు సైనికుల లారీకెక్కింది. కుర్చీలు, ఏసీలు, నేను ప్రోగ్రాములు రాసే పెద్ద కంప్యూటరు, దాని టెర్మినళ్లు, అన్నీ. మిగిలినవి గోడలు, తాళాలు. మా కఫీల్, అంటే కంపెనీ యజమాని, అప్పటికే దేశం దాటేశాడు. అదే కంపెనీలో స్టోర్ కీపరైన మా ఆయన మాత్రం రోజూ పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మేముండే అబ్బాసియా నుంచి మిర్కాబ్‌కు కారులో బయలుదేరేవాడు. దారిలో సైనికులు ఎన్నిచోట్ల ఆపుతారో, ఏ పూట ఏ బుద్ధితో ఉంటారో ఎవరూ చెప్పలేరు. మా వీధిలో ఒకాయన అలాగే వెళ్లి మూడో రోజుకు గానీ తిరిగి రాలేదు.

"ఏమయ్యా, తాళాలకు కాపలా ఏంది? లోపల ఏముండాది?"

"కఫీల్ పొయ్యేటప్పుడు తాళంచెవులు నా చేతికిచ్చినాడు మే. ఇంకెవురికన్నా ఇచ్చినాడా?"

"ఆయప్ప లండన్‌లో సల్లగా కూర్చోనుండాడు. ఆ సైనికులు తుపాకి పట్టుకోని నిన్ను నిలబెడితే వచ్చి ఇడిపిస్తాడా?"

"నువ్వు వాదనకు దిగితే ఆ సైనికులే నయం," అనేసి వెళ్లిపోయేవాడు. మేనమామ కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ నోటికి నోరే మా ఇద్దరికీ. కానీ ఈ విషయంలో నా నోరు ఓడిపోయింది. అరిచాను, అన్నం మానేశాను, ఒకరోజు చెప్పులు దాచాను. ఆయన బాత్రూము చెప్పులతో వెళ్లాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆట.

ఆఫీసు కంప్యూటర్లో ఒక ఆట ఉండేది. బొమ్మలుండవు, అంతా అక్షరాలే. చుట్టూ తోక ఉన్న చిన్న ఇంగ్లీషు 'ఎ' అక్షరం మనం. నేలమాళిగలో దిగుతూ పోవాలి, ఎదురొచ్చే ప్రతి అక్షరం ఒక రాక్షసి. యుద్ధానికి ముందు మా ఆయన దానికి బానిస. భోజనం డబ్బా ఒళ్లో పెట్టుకుని, మధ్యాహ్నం విరామమంతా నా టెర్మినల్ ముందే ఉండేవాడు. ఆ ఆట మూలం, అంటే మనుషులు చదవగలిగేలా రాసిన ప్రోగ్రాము, రెండు ఫ్లాపీల్లో నా దగ్గర ఉంది. ఇంట్లో పని చేసుకోమని కంపెనీ ఇచ్చిన చిన్న పీసీ కూడా ఉంది. కరెంటు ఉంది. ఇంక కావలసిందేమిటి? ఆట ఇంట్లో ఉంటే మనిషి ఇంట్లో ఉంటాడు.

గురువారం పొద్దున ఆయన అటు వెళ్లగానే ఇటు కూర్చున్నాను.

ఏ యంత్రం మీదైనా ఆడించవచ్చని గొప్పగా చెప్పుకునే ఆట అది. ఆ గొప్పంతా ఒక ఫైలులో ఉంటుంది, చాకిరీ మన నెత్తిన ఉంటుంది. నీ యంత్రం ఏ రకం? తెర రంగులదా, ఒక్క పచ్చరంగుదా? ఆపేసిన ఆటను ఎక్కడ దాచాలి? ఇలా ప్రశ్న మీద ప్రశ్న. పనికిరాని లైన్లను యంత్రం చదవకుండా మూసేసి, కావలసినవి తెరవాలి. అన్నీ ముందే తేల్చి కంపైల్ చేస్తే, యంత్రానికి అర్థమయ్యే ఆట తయారవుతుంది. తరవాత ఒక్కటి మార్చాలన్నా మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకోవలసిందే. మా పీసీకి నలభై నిమిషాలు.

కింది వాటాలో ఉండే రాయచోటి టైలరు పెరుగు తోడు కోసం వచ్చి నా వెనకాల నిలబడ్డాడు.

"ఏం చేస్తాండావక్కా?"

చెప్పాను.

"అంటే కొలతలన్న మాట. గుడ్డ కోసినాక చెయ్యి పొడుగైంది, మెడ దిగిందంటే ఖలాస్. మల్లా కొత్త గుడ్డ."

మా ఆయనకు నెలలుగా చెప్పినా ఎక్కనిది ఈయనకు ఒక్క మాటతో ఎక్కింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. భోజనాల తరవాత మొదటిసారి ఆడించి చూస్తే తెర నిండా బాణాలు, బ్రాకెట్లు, అంకెలు. తెర రకం తప్పు చెప్పాను. మార్చి నలభై నిమిషాలు కూర్చున్నాను. సాయంత్రానికి ఆట వచ్చింది కానీ ఆపి దాచుకోబోతే దాచలేదు. ఆఫీసు యంత్రంలోని చోటు పేరే అందులో ఉండిపోయింది. లారీలో పోయిన యంత్రంలో దాచుకోమంటే ఎక్కడ దాచుకుంటుంది? కీబోర్డును రెండు దెబ్బలు వేశాను. ఆ రాసినవాడెవడో ఎదురుగా ఉంటే వాణ్నీ వేసేదాన్ని.

శుక్రవారం పొద్దున మూడోసారి. కుదిరింది.

శుక్రవారం సెలవు కాబట్టి ఆయన తాళాలకూ సెలవే. "ఏందిది! ఇంటికే వచ్చిందే!" అని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. అన్నం అక్కడికే తెచ్చిపెట్టాను. నాలుగో మెట్టు దాకా దిగి, దాచుకుని, మళ్లీ తీసి ఆడాడు. "రేపు పొద్దన్నే లేచి దీని సంగతి సూస్తా" అన్నాడు. మిర్కాబ్ మాటే ఎత్తలేదు. నేను గెలిచాను అనుకున్నాను. నా మీద నాకే అంత ముచ్చట వేసిన రోజు మళ్లీ లేదు.

శనివారం పొద్దున కాఫీ తాగి, లుంగీతోనే పీసీ ముందు కూర్చుని ఆట పేరు కొట్టాడు. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వచ్చింది.

"ఆఫీసు టైము. పని చూసుకోండి."

మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

అది నేను రాసిన మాటే. ఆఫీసువేళల్లో ఆట తెరుచుకోకుండా చేసే ఏర్పాటు కూడా ఆ ఫైలులోనే ఉంది. నిరుడు దాన్ని పనిగట్టుకుని తెరిచింది నేను. శని, ఆదివారాలు సెలవని ఆట రాసినవాళ్లు రాసుకుంటే, కువైట్ లెక్కకు దిద్దింది నేను. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మూత. గురువారం మధ్యాహ్నం నుంచి శుక్రవారమంతా సెలవు. పని మానేసి నా టెర్మినల్ చుట్టూ మూగేవాళ్లకు, ముఖ్యంగా ఒక స్టోర్ కీపరుకు బుద్ధి చెప్పడానికి ఆ మాట పెట్టాను. ఈ రెండు రోజులూ నేను ఆడించి చూసిందంతా సెలవు గంటల్లోనే. అన్నీ మార్చాను, నా తెలివితేటలను మాత్రం వదిలేశాను.

ఆయన పగలబడి నవ్వాడు. "సూడు మే, నువ్వే పని సూసుకోమంటాండావు."

"ఉండయ్యా, ఒక్క లైను. నలభై నిమిషాల్లో తీసేస్తా."

"నలభై నిమిషాల్లో నేను తాళాలు సూసి సగం దారి వచ్చేస్తా. ఒంటిగంటకు తెరుసుకుంటాది కదా, ఆ యేలకు ఈడుంటా."

చొక్కా తొడుక్కున్నాడు. తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుకుంటూ వెళ్లాడు. నేను ఆ లైను తీయలేదు. కోపం. ఎవరి మీదో తెలియని కోపం.

ఒంటిగంటకు ఆట పేరు కొట్టాను. నాలుగో మెట్టు, మూల గదిలో ఆయన అక్షరం నిలబడి ఉంది. ఆయన రాలేదు. రెండయింది. టైలరు పైకి వచ్చి, రింగు రోడ్డు మీద కార్లు ఆపి మనుషుల్ని దింపుతున్నారట అని చెప్పి, నా ముఖం చూసి, "అన్న తెలివైనోడు అక్కా" అన్నాడు. ఆ మాట నేను నమ్మే స్థితిలో లేను. మూడు గంటల సేపు ఆ అక్షరాన్నే చూస్తూ కూర్చున్నాను. కదిలిస్తే ఏదో ఒకటి వచ్చి తినేస్తుందని ఒక్క మీట కూడా నొక్కలేదు. నాలుగుకు ముందు దాచి మూసేశాను.

అయిదు దాటాక మెట్ల మీద అడుగులు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. కారు సైనికులు లాక్కున్నారట. ఫర్వానియా దాకా ఎవరో లారీలో ఎక్కించుకున్నారట, అక్కణ్నుంచి నడక. గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగి, నేల మీద కూర్చున్నాడు.

"తాళంచెవులు కూడా పొయినాయి మే," అన్నాడు. "కారు తాళంచెవి ఆ గుత్తిలోనే ఉండ్య. కఫీల్‌కు ఏం చెప్పల్ల?"

ఖాళీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ఆయన పీసీ వైపు చూసి అడిగాడు.

"తెరుసుకున్యా?"

"ఒంటిగంటకు తెరుసుకున్య. ఇప్పుడు సాయంత్రం షిఫ్టు. మూసేసింది."

నవ్వబోయాడు, కుదరలేదు. టబ్బులో నీళ్లు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. తరవాత వెళ్లి ఆ లైనును మూసి కంపైల్ మొదలుపెట్టాను. నలభై నిమిషాలూ ఆయన కాళ్లు నీళ్లలోనే ఉన్నాయి. నేను మాత్రం తెర వైపు తిరిగే కూర్చున్నాను, వెనక్కి చూస్తే మళ్లీ వాదనకు దిగుతానని.